అరువు పేరు (పదకొండో భాగం)

పోయినవారం మనం బున్‌రేని హాస్టల్ మెట్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉందేమోనని నాకు వారమంతా ఒకటే బెంగ. మేనేజర్ గ్వాక్ గారు అందరి చేతా చప్పట్లు కొట్టించి మరీ చెప్పిన మాట గుర్తుందిగా? ఎగుమతుల దినం నాడు ఆ చొక్కాల ఫ్యాక్టరీ మొత్తానికీ ఆదర్శ కార్మికురాలు చా జోంగ్‌నిమ్. వేదిక మీద పతకం, పత్రికలో ఫొటో, వచ్చే ఏడు రాత్రి బడిలో సీటు. పైగా కన్నతల్లికి పట్టుబట్టలు పెట్టి, వేదిక మీదే కుర్చీ వేస్తారట. "మీ అమ్మగారికి టెలిగ్రాం కొట్టించేశాం, మిస్ చా!" అన్నాడాయన, వరమిచ్చిన దేవుడిలా.

చిక్కల్లా ఆ పిల్ల చా జోంగ్‌నిమ్ కాకపోవడమే. ఆమె పేరు వీ బున్‌రే. పద్నాలుగేళ్ళ పిల్లని పనిలోకి తీసుకోరు గనుక, చుంగ్‌చోంగ్‌లో ఉన్న పెద్దమ్మ కూతురు జోంగ్‌నిమ్ పేరూ వయసూ ఊరూ అరువు తెచ్చుకుని సియోల్ చేరింది. ఆ సంగతి పెద్దమ్మకీ, ఆ అసలు జోంగ్‌నిమ్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. దక్షిణాన జొల్లా తీరంలో సముద్రపు నాచు ఎండబెట్టుకుని బతికే కన్నతల్లికి కూడా తెలియదు. టెలిగ్రాం వెళ్ళింది పెద్దమ్మకి. అంటే వేదిక మీద తల్లిగా కూర్చునేది పెద్దమ్మ. బయటపడితే పని పోతుంది, ఫ్యాక్టరీల పేట గురోలో ఏ గేటూ మళ్ళీ తెరుచుకోదు, పెద్దమ్మ ఇంటి మీదికి పోలీసులొస్తారు. బయటపడకపోతే? బయటపడకపోతే బున్‌రే జన్మంతా జోంగ్‌నిమ్‌గానే ఉండిపోవాలి. ఈ రెండో భయమే ఆ పిల్లని ఎక్కువ తినేస్తోంది.

ఇక ఇవాళ్టి సంగతి.

ఆదివారం తెల్లవారేసరికి హాస్టల్ పెరడు పెరడంతా క్యాబేజీలే. కింజాంగ్ రోజు. మంచు పడేలోగా చలికాలానికంతటికీ సరిపడా కిమ్చీ పచ్చడి పెట్టి కుండలకెత్తాలి. ముందురోజు ఉప్పేసి ఉంచిన క్యాబేజీల్ని అమ్మాయిలు కుళాయి దగ్గర కడుగుతున్నారు. నీళ్ళు కత్తుల్లా కోస్తున్నాయి. చేతులు ఎర్రబడి, ముక్కులు ఎర్రబడి, అయినా ఒకటే కేరింతలు. గేటు దగ్గర లౌడ్‌స్పీకర్ మాత్రం ఆదివారమని కూడా చూడకుండా ఎగుమతి, ఎగుమతి అని అరుస్తోంది.

"ఈ క్యాబేజీలకి కూడా కాలర్లు కుట్టి అమెరికా పంపిస్తారేమోనే!" అంది హ్యోసున్. బున్‌రే గదిలోనే ఉండే పిల్ల, బూసాన్ మనిషి, నోటికి తాళం లేదు. "ఏం జోంగ్‌నిమ్ అక్కా, నువ్వైతే గంటలో అన్నిటికీ కుట్టేస్తావుగా!"

బున్‌రే నవ్వింది. హ్యోసున్‌కి పంతొమ్మిది, బున్‌రేకి పదిహేడు. అయినా అరువు వయసు పెద్దది కాబట్టి తనకంటే పెద్ద పిల్లల చేత అక్కా అనిపించుకుంటోంది. మొదట్లో ఆ పిలుపు వింటే సిగ్గేసేది. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. అదే బాధ.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ హాస్టల్లో ఆదివారాలు ఎవరి ఊరివాళ్ళ దగ్గరికి వాళ్ళు చేరతారు. బూసాన్ వైపు వాళ్ళు ఒక చెట్టు కింద, చుంగ్‌చోంగ్ వాళ్ళు మెట్ల మీద, జొల్లా పిల్లలు ఆ మూల గోడ పక్కన. బున్‌రే చుంగ్‌చోంగ్ వాళ్ళ దగ్గరికి వెళ్తే, మీ ఇల్లు ఏ వీధి, మీ బడి పంతులెవరు అని అడుగుతారు. దొరికిపోతుంది. జొల్లా వాళ్ళ దగ్గరికి వెళ్తే, ఈ మనిషికి మనతో ఏం పని అని అందరూ చూస్తారు. అలాగైనా దొరికిపోతుంది. అందుకని మూడేళ్ళుగా ఆమె ఆదివారాలన్నీ బట్టలుతుక్కుంటూ గడిచాయి. కుళాయి దగ్గర జొల్లా పిల్లలు తమ యాసలో కబుర్లు చెప్పుకుంటుంటే, బకెట్ నిండి పొర్లిపోతున్నా కట్టకుండా వింటూ నిలబడేది. నీళ్ళు పాడు చేస్తోందని వాళ్ళే తిట్టేవాళ్ళు. ఆ తిట్లు కూడా తియ్యగానే ఉండేవి, అచ్చం అమ్మ తిట్టినట్టు.

వంటావిడకి పొద్దున్నే నడుం పట్టేసింది. వార్డెన్ నామ్ మేడమ్ నడుం మీద చేతులేసుకుని పెరట్లోకొచ్చి, "కారం కలపడం ఎవరికొచ్చు?" అని గద్దించింది. నామ్ మేడమ్ అంటే హాస్టలంతా హడల్. యాభై దగ్గరపడ్డ మనిషి, భర్త పోయాడు, పిల్లల్లేరు. ప్రతి మాటా సియోల్ రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది.

"ఆదర్శ కార్మికురాలుండగా మేమెందుకు మేడమ్!" అని హ్యోసున్ బున్‌రేని ముందుకి తోసింది. అందరూ గొల్లుమన్నారు. బున్‌రే కాదనలేక పెద్ద తొట్టి ముందు చతికిలబడింది.

మొదట అన్నీ పద్ధతిగానే చేసింది. ముల్లంగి తురుము, ఎండుమిరప కారం, వెల్లుల్లి, అల్లం, ఉల్లికాడలు, వంటావిడ తీసిపెట్టిన ఉప్పు రొయ్యలు. కలిపి నాలిక మీద వేసుకుంది. చప్పగా, పరాయిగా ఉంది. ఇంకాస్త ఉప్పు కావాలని కొట్టుగదిలోకి వెళ్ళింది.

అక్కడ తగిలింది ఆ వాసన. బియ్యం బస్తాల వెనకనుంచి సన్నగా, ఘాటుగా. గుడ్డ చుట్టిన జాడీ. మూత తీస్తే నెత్తళ్ళ చేపలు ఊరి ఊరి కరిగిపోయిన నల్లటి రసం. ఒక్కసారి ఊరు కళ్ళ ముందుకొచ్చింది. అమ్మ ఇంటి వెనక వరండాలో, మోకాళ్ళ మధ్య తొట్టి పెట్టుకుని, మోచేతుల దాకా ఎర్రటి కారంతో, "నోరు తెరువ్వే బున్‌రే" అంటూ... ఆ తరవాత ఏం చేసిందో ఆమెకే తెలివిడి లేదు. జాడీ చంకనేసుకొచ్చింది. జిగురు బియ్యం పిండితో గంజి కాచింది. ఆ గంజీ, ఆ రసం తొట్టిలో పోసి మోచేతుల దాకా ముంచి కలిపేసింది. మూడేళ్ళుగా నోటిని కట్టేసుకుంది గానీ చేతుల్ని కట్టేసుకోవాలని తోచలేదు పిచ్చిపిల్లకి.

"ఛీ, ఏంటే ఆ కంపు!" ముక్కు మూసుకుంది హ్యోసున్. "జొల్లా వాళ్ళ కొంపలోకి వచ్చినట్టుంది!"

"హాస్టల్‌కి రాకముందు మా ఓనరమ్మ బోర్డు పెట్టింది తెలుసా, జొల్లా వాళ్ళకి గది ఇవ్వబడదని," అని ఇంకెవరో అందుకున్నారు. "వాళ్ళకిస్తే గోడలు కూడా కంపు కొడతాయట!"

నవ్వులు. మూలన ఉన్న జొల్లా పిల్లలు తలలొంచుకుని ఉల్లికాడలు తరుగుతున్నారు. బున్‌రే కూడా నవ్వింది. నవ్వాలి కదా మరి. నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతలో నామ్ మేడమ్ వచ్చింది. ఎంత వార్డెనైనా రుచి చూపించాలి. బున్‌రే లేత క్యాబేజీ ఆకులో కాస్త కారం చుట్టి, రెండు చేతులతో ఆమె నోటికందించింది. మేడమ్ నమిలింది. నములుతూ నములుతూ ఆగిపోయింది. మొహంలో రంగు మారింది.

"చేతులు కడుక్కుని కొట్టుగదిలోకి రా," అంది. అనేసి, తొట్టి పక్కనున్న జాడీ తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

బున్‌రే పైప్రాణాలు పైనే పోయాయి.

కొట్టుగది తలుపు మూసి, మేడమ్ దానికి వీపు ఆనించి నిలబడింది. "ఆ జాడీ ముట్టుకోమని నీకెవరు చెప్పారు?"

"వంటింటిదనుకున్నా మేడమ్."

"వంటింటి సామాను బస్తాల వెనక గుడ్డ చుట్టి పెడతారా? బుద్ధుందా నీకు?"

"తప్పయింది మేడమ్. కొత్తది కొనిపెడతా."

"ఎక్కడ కొంటావు? సియోల్లో ఎక్కడ దొరుకుతుంది అలాంటిది?" అని నోరు జారి, వెంటనే సర్దుకుంది. "సరే. మీ ఊరేది?"

"యేసాన్ దగ్గర మేడమ్, చుంగ్‌చోంగ్. మా నాన్నగారు పొగాకు వేస్తారు. మేం నలుగురం, నేను రెండోదాన్ని..."

"చాల్లే, పాఠం అప్పజెప్పకు. యేసాన్‌లో పుట్టిన పిల్ల కిమ్చీలో గంజి పోస్తుందా? నెత్తళ్ళ రసం గరిటె లేకుండా చేతి వాటంతో పోస్తుందా? ఎక్కడైనా చూసి నేర్చుకున్నానని నాకు చెప్పకు. అది అమ్మ పక్కన కూచుంటే వచ్చేది." మేడమ్ ఒక్క అడుగు ముందుకేసింది. "నీ పేరేంది?"

పేరేంది. సియోల్ రేడియోలో ఆ మాట రాదు. బున్‌రే తలెత్తి చూసింది. మేడమ్ మొహం కోపంగానే ఉంది గానీ కళ్ళు అలా లేవు.

"చా జోం..."

"నీ పేరు అడుగుతున్నా."

చెప్పాలని నోరు తెరిచింది. రాలేదు. రోజూ పొద్దున్నే కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఎవరికీ వినబడకుండా తన పేరు తనే ఒకసారి అనుకునేది, మర్చిపోతానేమోనని. మనిషి మొహం చూసి చెప్పి ఎన్నాళ్ళయిందో.

"బున్‌రే," అంది చివరికి. "వీ బున్‌రే."

"బున్‌రే," అంది మేడమ్, మెల్లిగా.

అంతే. ఆ పిల్ల బియ్యం బస్తా మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్ళకి ఒక మనిషి తనని తన పేరుతో పిలిచింది. ఆ ఒక్క పిలుపు కోసం ఇంత ఏడుపు లోపల దాగుందని ఆమెకే తెలియదు.

"వీ ఇంటిపేరంటే... మన జొల్లాలో జాంగ్‌హుంగ్ దానివా?" మేడమ్ పక్కనే కూచుంది. మాట మారిపోయింది. వార్తలు చదివే గొంతు ఎటుపోయిందో పోయింది. "మాది గోహుంగ్ బిడ్డా. నీళ్ళకి ఆ పక్క. మా ఒడ్డున నిలబడితే మీ కొండ కనపడతాది."

బున్‌రే ఏడుపు ఆపి నోరు తెరుచుకు చూసింది. "మీరు సియోల్‌లోనే పుట్టారని..."

"అట్టనే చెప్పినా అందరికీ. యుద్ధం అయినాక వచ్చినా ఈడికి. జొల్లా దాన్నంటే పని ఎవరిచ్చినారు? గది ఎవరిచ్చినారు? అందుకని యాస మింగేసినా. ఊరు మింగేసినా. పెళ్ళి సంబంధం వస్తే మా వాళ్ళంతా యుద్ధంలో పోయినారని చెప్పినా. మా అమ్మ అప్పటికి బతికే ఉండాది." మేడమ్ చీర కొంగు లేని మనిషి, ఏప్రన్ అంచుతోనే కళ్ళు ఒత్తుకుంది. "మా ఆయన పోయేదాకా ఆయనకి తెలీదు. మంచి మనిషి. చెప్పుంటే ఏమీ అనేవాడు కాడేమో. చెప్పలా."

"మరి ఈ జాడీ?"

"మా ఊరి మనిషొకామె చేపల బజార్లో ఉండాది. ఏడాదికోసారి తెచ్చిస్తాది. ఆదివారం మీరంతా బయటికి పోయినాక ఈడ కూచుని, ఇంత అన్నంలో కలుపుకుని తింటా. తిని కిటికీ తెరిచి పెడతా, వాసన పోయేదాకా."

బున్‌రే ఆ గదిని కొత్తగా చూసింది. బస్తాలు, ఉప్పు డబ్బాలు, చిన్న కిటికీ. ఇక్కడ, ఈ బస్తా మీద, అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఒక్కతే. ఆ కూచున్నది మేడమ్‌లా అనిపించలేదు ఆమెకి. తనే ముసలి జోంగ్‌నిమ్ అయి అక్కడ కూచుని తింటున్నట్టు అనిపించింది.

అరువు పేరు సంగతీ పెద్దమ్మ సంగతీ అంతా చెప్పేసి, "నన్నేం చేస్తారు మేడమ్?" అంది.

"ఏం చేస్తా? నోరు మూసుకుంటా. నువ్వూ మూసుకో. ఎక్కు వేదిక. పతకం తీసుకో. మీ పెద్దమ్మ కూచుంటే కూచోనీ, ఒక్క గంటే గదా. రాత్రి బడిలో చదువుకో. రేపు పెద్ద ఉద్యోగం వస్తాది. నేను అట్ట బతకలా?"

"బాగుందా మేడమ్, అట్ట బతికితే?" బున్‌రే కావాలని అనలేదు. మూడేళ్ళ తరవాత ఆమె నోట్లోంచి కూడా ఊరి మాటే వచ్చేసింది.

మేడమ్ జాడీ మూత బిగించింది. గుడ్డ చుట్టి, ముడి వేసి, మళ్ళీ బస్తాల వెనక పెట్టేసింది. తలుపు తీసేసరికి మళ్ళీ సియోల్ మనిషైపోయింది.

"ఏంటా కబుర్లు?" పెరట్లోకొచ్చి గద్దించింది. "నెత్తళ్ళ రసం నేనే వెయ్యమన్నాను. పెద్ద పెద్ద హోటళ్ళలో ఇప్పుడిలాగే చేస్తున్నారు. తెలియకపోతే నోరు మూసుకుని తినండి!"

హోటళ్ళలో అనేసరికి అందరికీ ఆకలేసింది. ఉడికించిన పంది మాంసం ముక్కలొచ్చాయి, వేడి వేడిగా. హ్యోసున్ ముక్కు మూసుకునే కిమ్చీలో ముక్క చుట్టుకుని నోట్లో పెట్టుకుంది. ముక్కు వదిలేసింది. "కంపు కంపే అక్కా. ఇంకోటి చుట్టివ్వు," అంది. జొల్లా పిల్లల్లో ఒకతి తన ముక్క నమలకుండా నోట్లోనే ఉంచుకుని, బున్‌రేని అదే పనిగా చూస్తోంది. బున్‌రే చూపు తిప్పుకుంది.

"మిస్ చా!"

గ్వాక్ గారు. ఆదివారం కూడా టై కట్టుకుని వచ్చాడు. "ఆఫీసుకి రావాలమ్మా. ఫొటోగ్రాఫర్ వచ్చాడు. మీ అమ్మగారి బట్టల కొలతలు కూడా కావాలి. ఆవిడ పొడుగా, పొట్టా?"

పెద్దమ్మ పొడుగు, అమ్మ పొట్టి. "పొడుగేనండి," అంది బున్‌రే. ఆ ఒక్క మాట అనడానికి ప్రాణం పోయినంత పనైంది.

ఆఫీసుకి దారి గేటు పక్కనుంచే. ఇంకా నాలుగడుగులు ఉందనగా మళ్ళీ ఆ వాసన. తన చేతులదే అనుకుంది. ఎంత కడిగినా పోదు కదా. కానీ గాలి ఎదురుగా వీస్తోంది.

గేటు దగ్గర కాపలా మనిషి ఎవరితోనో విసుక్కుంటున్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా? వీ బున్‌రే అనే మనిషి ఇక్కడ ఎవరూ లేరు. ఉంటే నాకు తెలీదా?"

"ఎందుకు లేదు సామీ? నా బిడ్డ ఈ ఫ్యాక్టరీలోనే ఉండాది. మూడేళ్ళాయె. ఇంకొక్కసారి అడిగి చూడు. పొట్టిగా ఉంటాది, నా మాదిరి."

తలకి తువ్వాలు చుట్టుకున్న పొట్టి మనిషి. ఎండకీ ఉప్పుగాలికీ నల్లబడ్డ మొహం. నెత్తిన గుడ్డ మూట, మూటలోంచి పొడుచుకొస్తున్న జాడీ మెడ. పెద్దమ్మ రావలసిన చోటికి అమ్మ వచ్చింది. ఎలా వచ్చింది, ఎవరు పంపారు, ఏదీ తోచలేదు బున్‌రేకి.

"ఏంటయ్యా గొడవ?" గ్వాక్ గారు ఆగాడు. "బున్‌రేనా? మిస్ చా, మీ హాస్టల్లో ఆ పేరు గలవాళ్ళెవరైనా ఉన్నారా?"

అమ్మ ఇటు తిరిగింది. కూతుర్ని చూసింది. ఆ నల్లటి మొహం ఒక్కసారి వెలిగిపోయింది. నోరు తెరిచింది, పిలవబోయింది. అంతలో ఆమె చూపు పక్కనున్న టై మనిషి మీద పడింది. మళ్ళీ కూతురి మొహం మీదికొచ్చింది. పాలిపోయిన ఆ మొహంలో, ఆ పెదవుల వణుకులో ఏం చదువుకుందో ఏమో తల్లి. ఆ మనిషి బిడ్డని మిస్ చా అని పిలవడం వినే ఉంది. తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

"ఈ అమ్మాయేనా?" అన్నాడు కాపలా మనిషి, వెటకారంగా.

"కాదు సామీ," అంది అమ్మ. "ఈ బిడ్డ కాదు. నా కూతురు ఇంత తెల్లగా ఉండదు. నేనే ఫ్యాక్టరీ తప్పొచ్చినట్టుండా." నెత్తి మీది మూట దించి గేటు అరుగు మీద పెట్టింది. "మోసుకుని తిరగలేను. ఇది ఈడి పిల్లోళ్ళకే పెట్టు. కింజాంగ్ రోజులు గదా."

బున్‌రే వైపు మళ్ళీ చూడలేదు. తువ్వాలు సర్దుకుని, బస్సులాగే వైపు నడిచిపోయింది. రోడ్డు దాటేటప్పుడు కాస్త కుంటింది. మూడేళ్ళ కిందట ఆ కుంటు లేదు.

"పాపం, పల్లెటూరి మనిషి," అన్నాడు గ్వాక్ గారు. "పద మిస్ చా, ఫొటోగ్రాఫర్ ఎదురుచూస్తున్నాడు."

బున్‌రే నడిచింది. ఒక అడుగు, ఇంకో అడుగు. అరుగు మీద జాడీ. ఆ గుడ్డ తెలుసు, తన చిన్నప్పటి పావడా గుడ్డ. ఈ జాడీ కూడా బియ్యం బస్తాల వెనక్కే పోతుంది. ఆదివారాలు తలుపేసుకుని తినొచ్చు. తిని కిటికీ తెరిచి పెట్టొచ్చు, వాసన పోయేదాకా. అమ్మ అప్పటికి బతికే ఉండాది, అన్న మేడమ్ గొంతు చెవిలో మోగింది.

"అమ్మా!"

పెరడంతా వినబడేలా అరిచింది. సొంతూరి యాసలో, కడుపులోంచి. కుళాయి దగ్గర నవ్వులు ఆగిపోయాయి. వంటింటి గడపలో నామ్ మేడమ్ చేతిలో తట్ట అలాగే ఉండిపోయింది.

రోడ్డవతల తల్లి ఆగింది. ఆగింది గానీ వెనక్కి తిరగలేదు. బిడ్డకి కీడు జరుగుతుందని భయం కాబోలు, రాయిలా అలాగే నిలబడింది.

గ్వాక్ గారు మాత్రం తిరిగాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను నిన్ననే మీ అమ్మగారితో ఫోన్లో మాట్లాడానే, మిస్ చా," అన్నాడు మెల్లిగా. "మరి ఈవిడెవరు? నువ్వెవరు?"